పెద్దయ్యాక మార్షల్ ఆర్ట్స్: విద్య కన్నా ముందు చూడాల్సింది క్లబ్బునే

ముప్పై, నలభై ఏళ్ల వయసులో మార్షల్ ఆర్ట్స్ మొదలుపెట్టేవారు ముందుగా అడిగేది 'ఏ విద్య మంచిది?' అని. అయితే, ఎవరి దగ్గర, ఎలా నేర్చుకుంటున్నారన్నది అంతకన్నా ముఖ్యం.

కరాటే, తైక్వాండో, బాక్సింగ్‌లలో ప్రధానం దెబ్బ. 1882లో జపాన్‌లో జిగోరో కానో నెలకొల్పిన జూడోలో, దాని నుంచి ఎదిగిన బ్రెజిలియన్ జియు జిట్సులో ప్రధానం పట్టు. కేరళ కలరిపయట్టు శరీర సాధనతో మొదలై కర్ర, కత్తి దాకా వెళ్తుంది. మోకాళ్లు బలహీనంగా ఉంటే తైక్వాండోలోని ఎత్తు తన్నులు, నడుం నొప్పి ఉంటే జూడోలోని విసుర్లు ఇబ్బంది పెట్టవచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడటం మేలు. పెద్దలకు వేరే బ్యాచ్ ఉందా? జూడో అయితే, విసరడం కన్నా ముందు దెబ్బ తగలకుండా పడటం నేర్పుతున్నారా? పట్టులో ఉన్న వ్యక్తి చేత్తో తట్టగానే అవతలివారు వదిలేస్తున్నారా? గాయపడినవారిని కోచ్ ఎలా చూస్తున్నారు?

ఆత్మరక్షణే లక్ష్యమైతే మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. గాలిలో గుద్దులు, కటాలు మాత్రమే కాకుండా, ఎదురు తిరిగే జోడీతో సాధన ఉందా? జూడోలో దీన్ని రాండోరి అని, కరాటేలో కుమితే అని అంటారు.

బెల్టులకు అందరికీ వర్తించే ప్రమాణం లేదు. ఒక్క కరాటేలోనే షోటోకాన్, గోజుర్యు, షిటోర్యు, వాడోర్యు వంటి శైలులున్నాయి. ఒక క్లబ్బు బెల్టును మరొకటి గుర్తించకపోవచ్చు. గ్రేడింగ్ ఫీజులెంతో ముందే అడగాలి. ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్టు ఖాయమనే చోటికి, ఏడాది డబ్బు ఒకేసారి కట్టమనే చోటికి వెళ్లకపోవడమే మంచిది.

మిగతావన్నీ బాగుంటే, వారానికి రెండుసార్లు వెళ్లగలిగేంత దగ్గర్లో ఉన్న క్లబ్బే సరైన ఎంపిక.