నల్లమందు పండు నేలలో నొప్పి

ప్రభుత్వానుమతితో నల్లమందు పండించు కొలది దేశములలో మనది యొకటి. ఘాజీపురమున నల్లమందు కర్మాగారము 1820లోనే వెలసెను. నల్లమందు సారమే మార్ఫీను. కాన్సరు రోగుల తీవ్రబాధను అణచు మందులలో అది ముఖ్యము, వెల స్వల్పము.

అట్టి నేలమీదనే ఎందరో రోగులు ఆ మందు దొరకక అలమటించి కన్నుమూసిరి. కారణమేమి? మాదకద్రవ్యముల దుర్వినియోగమును ఆపుటకై 1985లో చేసిన చట్టము. లైసెన్సుల చిక్కులకును, ఖైదు భయమునకును వెరచి పెక్కు ఆసుపత్రులు మార్ఫీను నిలువచేయుటయే మానుకొనెను.

1993లో కోజికోడు వైద్యులు కొందరు బాధానివారణ కేంద్రమును నెలకొల్పి, రోగులకు ఇండ్లకే మార్ఫీను ఇచ్చిరి. అయినను మందు దారితప్పలేదని 2001లో లెక్కలతో చూపిరి. 2014లో చట్టము సవరింపబడెను.

కోలుకొను ఆశలేనప్పుడు ప్రాణము నిలుపు కృత్రిమ చికిత్స వలదని ముందుగానే వ్రాసియుంచవచ్చునని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఈ హక్కు గొప్పది. కాని నొప్పితో మెలితిరుగు మనుజుడు ‘నన్ను పోనిండు’ అన్నచో, అతడు వలదనునది బ్రదుకునా, బాధనా? ముందు బాధ తీర్చి, పిదప అతని కోరిక యడుగవలెనని నా మనవి.