నీళ్లలో కంప్యూటర్, దానికి కాపలాగా ఒక రబ్బరు రింగు

ఈ ఎపిసోడ్ నా చేతికున్న ఈ చిన్న వస్తువు గురించి. చూడ్డానికి వాచీలా ఉంది కదా, కానీ ఇది డైవ్ కంప్యూటర్. సముద్రంలోకి దిగినప్పుడు ఎంత లోతులో ఉన్నాం, ఎంతసేపు ఉన్నాం, పైకి ఎంత నెమ్మదిగా రావాలి అనేది చెబుతుంది. పోయిన నెల దీని బ్యాటరీ నేనే మార్చాను. తప్పుగా మార్చాను. ఆ కథకి వస్తాను, ముందు దీని చరిత్ర చూద్దాం.

గోలీ సోడా కొట్టగానే బుస్సుమని బుడగలు వస్తాయి కదా. ఒత్తిడి ఉన్నంతసేపు గ్యాస్ నీళ్లలో కరిగే ఉంటుంది, ఒత్తిడి పోగానే బయటికి తన్నుకొస్తుంది. డైవర్ ఒంట్లో నైట్రోజన్ కూడా అంతే. నీళ్లలో ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది. లోతులో గ్యాస్ ఒంట్లో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే రక్తంలో, కీళ్లలో బుడగలు కడుతుంది. నొప్పులు రావచ్చు, పక్షవాతం రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు.

దీన్ని లెక్కలోకి తెచ్చినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిష్ నేవీ కోసం మేకల్ని ఉక్కు గదిలో పెట్టి, ఒత్తిడి పెంచి, తగ్గించి చూశారు. పాపం ఆ మేకలు! 1908లో ఆయన, ఆయన సహచరులు కలిసి ప్రచురించిన టేబుల్సే చాలాకాలం డైవర్లకు దారి చూపించాయి. కాకపోతే కాగితం టేబుల్‌కి ఒక ఇబ్బంది ఉంది. మీరు ఒక్క నిమిషం 20 మీటర్లకి వెళ్లి మిగతా టైమంతా 8 మీటర్లలో ఉన్నా, మొత్తం 20లోనే ఉన్నట్టు లెక్కవేస్తుంది. 1983లో అమెరికాలో ఆర్కా ఎడ్జ్ అనే పరికరం వచ్చింది. ఇటుకలా ఉండేది, కానీ నీళ్లలో ఉన్నంతసేపు మీ అసలు లోతుని బట్టి లెక్కని మారుస్తూనే ఉండేది.

సరే, ఎలక్ట్రానిక్స్‌కీ ఉప్పునీళ్లకీ అస్సలు పడదు. బ్యాటరీ ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది, మూత తెరవాలి, మళ్లీ మూయాలి. మరి నీళ్లు లోపలికి రాకుండా ఎలా?

జవాబు ఓ-రింగ్. దీన్ని ఈరోజు మనం వాడే తీరుకి తెచ్చినవాడు నీల్స్ క్రిస్టెన్సెన్. డెన్మార్క్‌లో పుట్టి 1891లో అమెరికా వెళ్లాడు. దీనికి పేటెంట్ అడిగింది 1937లో, అప్పటికి ఆయనకి 72 ఏళ్లు! 1939లో పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక విమానాల కోసం అమెరికా ప్రభుత్వం దాన్ని తీసుకుని అన్ని కంపెనీలకీ ఇచ్చేసింది.

ఇందులో అసలు తెలివి రింగులో కంటే అది కూర్చునే గాడిలో ఉంది. గాడి రింగు కంటే కాస్త వెడల్పుగా ఉంటుంది. ఒత్తిడి వచ్చినప్పుడు రింగు ఒక పక్కకి జరిగి సందుని మూసేస్తుంది. ఒత్తిడి ఎంత పెరిగితే అంత గట్టిగా మూస్తుంది. అంటే దొంగ తోసేకొద్దీ తలుపు ఇంకా బిగుసుకున్నట్టు అన్నమాట. అందుకే పాడైన సీలు చాలాసార్లు లోతులో కాదు, మొదటి ఒకటి రెండు మీటర్లలోనే కారుతుంది. అక్కడ దాన్ని నొక్కి పట్టేంత బలం నీళ్లకి ఉండదు.

రబ్బరు సాగే గుణం పోతే ఏమవుతుందో 1986 జనవరి 28న ప్రపంచమంతా చూసింది. ఛాలెంజర్ రాకెట్ సీలు చలికి బిరుసెక్కింది. 73 సెకన్లు, ఏడుగురు.

ఇక నా సంగతి. కొత్త కాయిన్ సెల్ కొన్నాను, కిట్‌లో కొత్త రింగు కూడా ఇచ్చారు. పాతది బాగానే ఉంది కదా అని అదే పెట్టేశాను. కుక్కర్ గాస్కెట్ పాతబడితే అణిగిపోయి ఆవిరి వదిలేస్తుందని అమ్మని చూసి తెలుసుకున్నవాణ్ణే, అయినా! పైగా పాత బనీను గుడ్డతో తుడిచాను.

రుషికొండలో ఆ రోజు రెండో డైవ్. దిగిన కాసేపటికే అద్దం లోపల మంచు పట్టింది, పట్టించుకోలేదు. 12 మీటర్ల దగ్గర అంకెలు మాయం. గుండె జారిపోయింది. తోడుగా దిగినతనికి సైగ చేశాను. అతని కంప్యూటర్ చూసుకుంటూ ఇద్దరం నెమ్మదిగా వచ్చాం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాం. పడవెక్కి మూత తీస్తే లోపల ఉప్పునీటి చుక్కలు, రింగు మీద అడ్డంగా ఒక నూలుపోగు. వెంట్రుక కంటే సన్నం. ఆ పోగు వెంబడే నీళ్లు లోపలికి నడిచొచ్చాయి.

కొత్త బ్యాటరీ వేసుకుని సాయంత్రం మళ్లీ దిగొచ్చా అని అడిగాను. ఇన్‌స్ట్రక్టర్ అన్న నవ్వలేదు. "తమ్ముడూ, నీ ఒంట్లో నైట్రోజన్ ఇంకా ఉంది. ఆ సంగతి కొత్త బ్యాటరీకి తెలీదు" అన్నాడు. నిజమే, చాలా మోడళ్లలో బ్యాటరీ తీస్తే పాత డైవ్‌ల లెక్క చెరిగిపోతుంది. 24 గంటలు ఒడ్డునే కూర్చోబెట్టాడు.

కాబట్టి మార్చేటప్పుడు రింగు కొత్తదే వేయండి. పాతదాన్ని సూదితో లేపొద్దు, గాడి మీద గీత పడుతుంది. గాడిని పోగులు రాలని గుడ్డతో తుడవండి. గ్రీజు రింగు మెరిసేంత చాలు, ఆపేది రబ్బరే కానీ గ్రీజు కాదు. ఏ గ్రీజు వాడాలో మాన్యువల్ చూడండి, కొన్ని రబ్బర్లు కొన్ని గ్రీజులకి ఉబ్బిపోతాయి.

మీ ఫోన్ మాటేంటి అంటారా? వాటర్‌ప్రూఫ్ కావాలంటే బ్యాటరీని జిగురుతో అతికించాల్సిందే అని చాలామంది నమ్ముతారు. కానీ 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5కి వెనక మూత గోటితో ఊడేది, లోపల రబ్బరు సీలు ఉండేది, ఐపీ67 రేటింగూ ఉండేది. ఫోన్ సన్నగా ఉండాలనే మోజు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని కొన్నవాళ్లే తీయగలిగేలా ఉండాలని చట్టం వస్తోంది, కొన్ని మినహాయింపులతో. తమాషా ఏంటంటే, ఆ మినహాయింపుల్లో ఒకటి నీళ్లలో వాడే వస్తువులకే! నా కంప్యూటర్ మూతేమో రూపాయి బిళ్లతో తిప్పితే వచ్చేస్తుంది.

దీని బోర్డు అదృష్టం కొద్దీ బతికింది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొత్త రింగు వేసి, రాత్రంతా స్టీలు గిన్నెలో నీళ్లు పోసి అందులో ఉంచాను. పొద్దున్నే అమ్మ చూసి "వాచీని ఎవరైనా నానబెడతార్రా?" అంది. తీసి చూశాను. అద్దం మీద మంచు లేదు.