మేఘములలో విమానము, రేడియోలో మాట

విమానము దట్టమైన మేఘములలో ప్రవేశించినప్పుడు వైమానికునకు నేలయు ఆకాశమును రెండును కనబడవు. విమానము పక్కకు ఒరిగినను నిటారుగా నున్నట్లే తోచును. అప్పుడతడు తన శరీరమును నమ్మక, ఎదుటనున్న పరికరములను నమ్మవలెను. దీనినే పరికరయానమందురు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపమున జేమ్స్ డూలిటిల్ పైకప్పు మూసిన సీటులో కూర్చుండి, పరికరములనే చూచుచు విమానమును పైకెత్తి, చుట్టి వచ్చి, నేలకు దింపెను. కాని అదే మేఘములో మరియొక విమానమున్నచో ఆనాటి పరికరములేవియు దానిని చూపజాలవు. ఆ సంగతి నేలమీదివారు చెప్పవలసినదే.

అందుకై 1935 డిసెంబరు 1న అమెరికాలోని నెవార్కు నగరమున విమాన కంపెనీలు కలిసి ఒక నియంత్రణ కేంద్రమును నెలకొల్పినవి. అచటి ఉద్యోగులు నల్లబల్ల, పటము, నోటిలెక్కలతో విమానముల నెడబాపెడివారు. వైమానికులతో వారు నేరుగా మాటలాడుట లేదు. కంపెనీ ఉద్యోగికి వారు చెప్పిన మాటను అతడు రేడియోలో అందించెడివాడు. తరువాత నేరు సంభాషణయు, రాడారును వచ్చినవి. అయినను మాటవలన కలుగు ప్రమాదము పోలేదు. మాట రెండు విధముల చెడును: వినబడక చెడును, వినబడియు చెడును.

వినబడియు చెడినదానికి నిదర్శనము సరిగా 39 సంవత్సరముల తరువాత, 1974 డిసెంబరు 1న కనబడినది. వాషింగ్టన్ సమీపమునగల డల్లెస్ విమానాశ్రయమునకు మేఘములలో వచ్చుచున్న ఒక బోయింగ్ 727నకు, రన్‌వేను సమీపించుటకు అనుమతి కలదని నియంత్రణాధికారి చెప్పెను. ఎంత ఎత్తున రావలెనో చెప్పలేదు. ఇక దిగవచ్చునని వైమానికులు భావించిరి. కొండలనుండి ఎడముగా నుండు బాధ్యత వైమానికులదని నియంత్రణాధికారి భావించెను. విమానము 1,800 అడుగుల ఎత్తునకై దిగుచు కొండను ఢీకొనెను. 92 మంది మరణించిరి. ఆరు వారములకు పూర్వమే వేరొక కంపెనీ వైమానికులు అదేచోట కొద్దిలో తప్పించుకొనిరి. ఆ వార్త ఆ కంపెనీ గడప దాటలేదు. పిమ్మట నిబంధనలను సవరించి, ప్రచురితమైన మార్గమును చేరువరకు చివరగా చెప్పిన ఎత్తునే నిలుపవలెననిరి. వైమానికులును, నియంత్రణాధికారులును తమ పొరపాట్లను నిర్భయముగా తెలుపుటకు 1976లో నాసా ఒక ఏర్పాటు చేసినది.

వినబడక చెడినదానికి నిదర్శనము 1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపమున జరిగిన ఘోరము. పొగమంచులో డచ్చి విమానమొకటి రన్‌వే చివర నిలిచియుండెను. అదే రన్‌వేపై అమెరికా విమానము నడచివచ్చుచుండెను. డచ్చి విమానమునకు పయనించు మార్గము మాత్రమే అనుమతింపబడినది. ఆ వాక్యములోనే ‘టేకాఫ్’ అను పదముండెను. సహవైమానికుడు దానిని తిరిగి చెప్పి, ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నామని కలిపెను. విమానము అప్పటికే కదలినది. ఆగుడని నియంత్రణాధికారియు, రన్‌వేపైనే ఉన్నామని అమెరికా వైమానికుడును ఒకేసారి పలికిరి. డచ్చి విమానములో దాదాపు 4 సెకనులు ఈలవంటి ధ్వని మాత్రము ప్రబలమాయెను. 583 మంది మరణించిరి.

ఆ ఈలకు కారణము విద్యార్థులెరిగినదే. శ్రుతి పూర్తిగా కలియని రెండు తంబురా తీగెలను మీటినచో విస్పందనములు పుట్టును. రేడియోలోను అంతే. విమాన సంభాషణకు 118 నుండి 137 మెగాహెర్ట్జుల నడుమ, కంపనపరిమితి మారు తరంగములను వాడుదురు. రెండు ప్రసారిణుల పౌనఃపున్యములలో 1,000 హెర్ట్జుల భేదమున్నను, అది లక్షలో ఒక వంతుకన్న తక్కువే. కాని గ్రాహకములో అది 1,000 హెర్ట్జుల ఈలగా మారును. ఎఫ్.ఎం. పద్ధతియైనచో బలమైన ప్రసారము బలహీనమైనదానిని అణచివేయును. రెండవవారు పలికిరన్న జాడయే తెలియదు. ఆ ఈల మాటను చెరిపినను, ఇద్దరు పలికిరని హెచ్చరించును.

తరగతిలో ఉపాధ్యాయుడు అర్థమైనదా అని అడిగినచో అందరును అయినదందురు. తిరిగి చెప్పుమన్నప్పుడే నిజము తేలును. కనుకనే వైమానికుడు అందిన అనుమతిని అంకెలతోసహా తిరిగి చెప్పవలెను. నియంత్రణాధికారి దానిని శ్రద్ధగా విని తప్పున్నచో దిద్దవలెను. టెనెరిఫ్ తరువాత ‘టేకాఫ్’ అను పదమును ఆ అనుమతి నిచ్చునప్పుడును, రద్దుచేయునప్పుడును మాత్రమే పలుకుచున్నారు. తక్కిన సందర్భములందెల్ల ‘డిపార్చర్’ అందురు.