దధ్యోదనమా? దద్దోజనమా?

కృష్ణాతీరపు ఆలయాలలో పెరుగు కలిపిన అన్నాన్ని స్వామికి సమర్పించేటప్పుడు అర్చకుడు ‘దధ్యోదనం నివేదయామి’ అంటాడు. మరుక్షణం అదే ప్రసాదం భక్తుల దోసిళ్ళలోకి వచ్చేసరికి ‘దద్దోజనం’ అవుతుంది. ప్రసాదాల పట్టికలలోనూ, ఉత్సవాల కరపత్రాలలోనూ దద్ధోజనం, దధ్యోజనం, దద్ధ్యోజనం, దధ్యౌదనం అనే రూపాలు కూడా కనిపిస్తాయి. శబ్దాన్ని బ్రహ్మస్వరూపంగా ఉపాసించే సంప్రదాయంలో వీటిలో దోషమేది, వ్యవహారమేది అన్నది ఉపేక్షింపదగిన ప్రశ్న కాదు.

దధి అంటే పెరుగు, ఓదనం అంటే వండిన అన్నం. ఇకారానికి ఓకారం పరమైనప్పుడు యణాదేశం వచ్చి ‘దధ్యోదనం’ సిద్ధిస్తుంది. అష్టాధ్యాయి ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలోని 34వ సూత్రం ఇటువంటి సమాసాలకోసమే ఉన్నది. పెరుగుతో తడిపిన అన్నం దధ్యోదనమని వ్యాఖ్యాతలు అక్కడ ఈ పదాన్నే ఉదాహరిస్తారు. ఈ పదం పాకశాలకే పరిమితమైనది కాదు. బృహదారణ్యకోపనిషత్తు ఆరవ అధ్యాయం నాలుగవ బ్రాహ్మణంలో సత్సంతానాన్ని కోరే దంపతులకు విధించిన క్షీరౌదన, దధ్యోదన, ఉదౌదన, తిలౌదనాలున్నాయి. వాటిలో దధ్యోదనం రెండు వేదాలను అధ్యయనం చేయగల పుత్రుని కోరేవారికి చెప్పినది. భాగవత దశమస్కంధం ఇరవయ్యవ అధ్యాయంలో, వర్షర్తువేళ నీటిచెంత శిలపై గోపాలురతో కూర్చుండి శ్రీకృష్ణుడు ఆరగించినది కూడా దధ్యోదనమే. మొవ్వలోనూ, కృష్ణ సాగరంలో కలిసే హంసలదీవిలోనూ వేణుగోపాలుని సేవించే భక్తులకు ఆ ఘట్టాన్ని వేరుగా వర్ణించి చెప్పవలసిన పని లేదు.

ఇంతటి పదం తెలుగు నోట ఎందుకు మారింది? ఓదన శబ్దం తెలుగు వ్యవహారంలో నిలువలేదు. అన్నం, కూడు, బువ్వ ఉండగా దాని అవసరం ఎవరికీ కలుగలేదు. లలితా సహస్రనామాలలో స్వాధిష్ఠాన దేవతను ‘దధ్యన్నాసక్తహృదయా’ అని కీర్తించినప్పుడు అర్థం సామాన్యునికి కూడా స్ఫురిస్తుంది. ఓదనమంటే స్ఫురించదు. తెలియని శబ్దాన్ని చెవి తెలిసిన శబ్దానికి చేర్చుకుంటుంది. ‘ఓదనం’ పక్కన నిత్యం వినిపించే ‘భోజనం’ ఉన్నది. దాని ఆకర్షణవల్లనే దకారం జకారమైనదని భావించడం సమంజసం. ‘ధ్య’ తేలికపడి ‘ద్ద’ కావడం ‘విద్య’ ‘విద్దె’ అయిన తీరువంటిదే. అయితే దద్దోజనాన్ని ‘దధి భోజనం’ అనే సమాసంగా వివరించడం మాత్రం నిలువదు. ఆ రెండు పదాలు కలిస్తే ‘దధిభోజనం’ అవుతుందే తప్ప, భకారం లోపించే సంధి ఏ వ్యాకరణంలోనూ లేదు.

మరి దద్దోజనం అనేవాడు అపశబ్దదోషానికి పాత్రుడా? దీనికి సమాధానం మహాభాష్యం పస్పశాహ్నికంలో ఉన్నది. ‘యద్వానః తద్వానః’ అనవలసినచోట ‘యర్వాణః తర్వాణః’ అని పలికే ఋషులు ఉండేవారట. ఆ పలుకే వారికి పేరైనది. వారు ధర్మాన్ని సాక్షాత్కరించుకున్నవారు, పరాపరాలు తెలిసినవారు. లోకవ్యవహారంలో అలా పలికినా, యజ్ఞకర్మలో మాత్రం వారు అపభ్రంశాన్ని ప్రయోగించలేదని పతంజలి స్పష్టంగా చెప్పాడు. ‘హే అరయః’ అనవలసినచోట ‘హేలయః’ అని పలికిన అసురులు పరాభవం పొందారు. ఉచ్చారణ ఋషులకూ సడలినదే, అసురులకూ సడలినదే. ఋషులను కాపాడినది ఏ స్థానంలో ఏ వాక్కు పలకాలో తెలిసిన వివేకం.

ఆ వివేకాన్ని వేదికపై నిలిపిన గ్రామం కూచిపూడి. రామలింగేశ్వరునికీ బాలాత్రిపురసుందరికీ నెలవైన ఆ అగ్రహారంలో భాగవతులు కేవలం నర్తకులు కారు. తామే పాడుతూ, తామే పలుకుతూ అభినయించేవారు. వాక్కు నాట్యానికి శరీరమని భరతుడు భావించాడు. పాత్రను బట్టి సంస్కృత ప్రాకృతాలను విభజించి చెప్పినదీ ఆయనే. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ దరువుల గాంభీర్యం ఒకటి, మాధవి వాడుకమాటల చమత్కారం మరొకటి. రెండూ ఒకే వేదికపై పక్కపక్కనే నడుస్తాయి. మాధవి పలుకును భామ పలుకుగా దిద్దబోతే కలాపమే చెడుతుంది. ఆ ఊరి పేరు విషయంలో ఇదే వ్యవహారం తలక్రిందులుగా జరిగింది. చక్కని తెలుగు పేరు కూచిపూడి. దాన్ని కొందరు కుశీలవపురమనీ, కుచేలపురమనీ సంస్కృతీకరించి చూపుతారు. పెద్దరికం కోసం తెచ్చిపెట్టుకున్న ఆ రూపాలకన్నా, నోట నలిగి సహజంగా రూపం మార్చుకున్న దద్దోజనమే నిజాయితీ గల పదం.

కనుక నివేదనలో, సంకల్పంలో, స్తోత్రపారాయణలో దధ్యోదనమే పలకాలి. అక్కడ దద్దోజనం అనడం దోషమే. వంటశాలలో, పంక్తిలో, ప్రసాద వితరణలో దద్దోజనం దోషం కాదు. అది తెలుగు తనదిగా చేసుకున్న వికృతి. నిజంగా దిద్దవలసినవి ఈ రెండింటికీ నడుమ వ్రేలాడే రూపాలు. ‘దధ్యోజనం’లో పూర్వార్ధం సంస్కృతం, ఉత్తరార్ధం తెలుగు. శుద్ధిగా వ్రాయాలన్న ఆత్రుతతో సగం దిద్ది వదిలిన పదమది. దద్ధోజనం, దద్ధ్యోజనాలకు పుట్టుక కూడా అదే ఆత్రుత. ‘దధ్యౌదనం’ పండితులనూ ఏమరుపాటుకు గురిచేస్తుంది. ముద్గ, క్షీర శబ్దాలు అకారాంతాలు. కనుక వృద్ధిసంధి వచ్చి ముద్గౌదనం, క్షీరౌదనం అవుతాయి. దధి ఇకారాంతం, దానికి యణాదేశమే వస్తుంది. అందుచేత ధ్యకారంపై నిలువవలసినది ఓత్వమే, ఔత్వం కాదు.