బల్ఖీ వైద్యదృష్టి – కాజీపల్లి చెరువు

‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే అరబీ గ్రంథం పేరును తెనిగించబోతే మొదటి చిక్కు ‘నఫ్స్’ అనే పదం దగ్గరే ఎదురవుతుంది. ఆత్మ అనాలా, మనసు అనాలా? గ్రంథకర్త అబూ జైద్ అల్ బల్ఖీ (క్రీ.శ. 850–934) ఉద్దేశాన్ని బట్టి చూస్తే మనసు అనడమే సబబు. ఆయన గ్రంథంలో మొదటి భాగాన్ని దేహానికి, రెండవ భాగాన్ని మనసుకు కేటాయించారు. కోపం, భయం, దుఃఖం, వస్వసా (పట్టి పీడించే ఆలోచనలు) – వీటిని వేర్వేరుగా చర్చించి, చికిత్స చెప్పారు. దేహం జబ్బుపడితే మనసు కుంగుతుందనీ, మనసు జబ్బుపడితే దేహానికి ఏ సుఖమూ రుచించదనీ ఆయన వాదం.

తరువాత ఇబ్నె సీనా (980–1037) ‘అల్ ఖానూన్’లో ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు అంశాలను వివరించారు: గాలి, అన్నపానాలు, దేహపు కదలిక–విశ్రాంతి, మనసు కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, విసర్జన–ధారణ. ఈ విద్యే యునానీ పేరిట హైదరాబాదులో వేళ్లూనింది. చార్మినార్ చెంతనున్న నిజామియా ఆసుపత్రి దానికి గుర్తు.

ఆ నగరానికి చేరువలోనే ఉన్న కాజీపల్లి మందుల కర్మాగారాల నడుమ ఉంది. అక్కడి చెరువు మడ్డిని పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, యాంటీబయాటిక్కులకు లొంగని జన్యువులు ఒక స్వీడన్ సరస్సులో కన్నా సుమారు 7,000 రెట్లు ఎక్కువగా కనిపించాయి. రోగం మాన్పే మందే నీటిలో కలిసి, రోగాన్ని మొండిచేస్తున్నదన్నమాట.

దిగులుపడవద్దని రోగికి చెప్పడం హకీము ధర్మమే. కాని బల్ఖీ మనసు దగ్గరకు వచ్చేముందు నేలను, నీటిని, గాలిని పరిశీలించారు. కాజీపల్లిలో చికిత్స కూడా ఆ క్రమంలోనే మొదలుకావాలి.