ఎల్‌ఈడీ తెరలపై చిత్ర నాణ్యత: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు

ఎల్‌ఈడీ తెర అంటే కాంతిని వెలువరించే డయోడ్లే స్వయంగా పిక్సెళ్ళుగా మారి బొమ్మ కట్టే ఫలకం. ఇళ్ళలో ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేది చాలావరకు ఇది కాదు. అందులో బొమ్మ కట్టేది ఎల్‌సీడీ పలక, ఎల్‌ఈడీలు దాని వెనుక వెలిగే దీపాలు మాత్రమే. ఈ వ్యాసం పెళ్ళి మండపాల్లో, ఎన్నికల సభల్లో, జాతర ప్రాంగణాల్లో, దుకాణాల ముందు కనిపించే మొదటి రకానికే పరిమితం. ప్రాంతం పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 అక్టోబర్ 11 నాటి పునర్విభజన తరువాత ఇవి ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉన్నాయి.

ఒకే తెర ఒకచోట అద్దంలా కనిపించి, మరోచోట పాలిపోయినట్టు కనిపించడం ఈ రంగంలో నిత్యానుభవం. తయారీదారు పత్రంలోని అంకెల కంటే తెర నిలబెట్టిన చోటి వెలుగు, వేడి, దుమ్ము, కరెంటు, ఎదుట కూర్చున్నవారి దూరం బొమ్మను ఎక్కువగా మారుస్తాయి.

పూర్వరంగం

ఎల్‌ఈడీని ఎవరు కనుగొన్నారన్న విషయంలో గ్రంథాలన్నీ ఒక్క మాట మీద లేవు. 1907లో హెచ్.జె. రౌండ్ సిలికాన్ కార్బైడ్ స్ఫటికం వెలగడాన్ని గమనించి ప్రకటించాడు. 1920లలో రష్యాలో ఒలెగ్ లోసెవ్ ఆ వెలుగుపై వరుసగా పరిశోధన వ్యాసాలు రాశాడు. 1961లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో బియార్డ్, పిట్‌మన్‌లు కంటికి కనిపించని పరారుణ కిరణాల డయోడ్‌ను రూపొందించారు. కంటికి కనిపించే ఎరుపును 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న నిక్ హోలోన్యాక్ సాధించాడు. తెరల చరిత్రకు సంబంధించినంత వరకు హోలోన్యాక్‌తో మొదలుపెట్టడమే సబబుగా తోస్తుంది. 1977లో అమెరికాలో జేమ్స్ మిచెల్ చేసిన చదునైన నమూనాను తొలి ఎల్‌ఈడీ టీవీగా పేర్కొనేవారున్నారు. అది ఏకవర్ణ నమూనా కాబట్టి ఆ మాటను ఆ మేరకే తీసుకోవాలి. పూర్తి రంగుల బొమ్మకు నీలం తప్పనిసరి. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని జపాన్‌లోని నిచియా సంస్థలో షూజీ నకమురా 1993లో వెలుగులోకి తెచ్చాడు. అకసాకి, అమానోలతో కలిసి 2014లో ఆయన భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు.

పిచ్, దూరం

పక్కపక్క పిక్సెళ్ళ నడిమి దూరమే పిచ్. పీ10 అంటే 10 మి.మీ., పీ3.91 అంటే 3.91 మి.మీ. సభలకు అద్దెకు వచ్చే తెరలు పీ3.91 వంటి సన్న పిచ్‌లవి, దుకాణాల మీద అక్షరాలు పారే బోర్డులు ఎక్కువగా పీ10వి.

ఎంత దూరం నుంచి చూడాలన్న దానికి రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. పిచ్ ఎన్ని మిల్లీమీటర్లో కనీసం అన్ని మీటర్లు వెనక్కి జరగాలన్నది అద్దెకిచ్చేవారి లెక్క. ఆరోగ్యవంతమైన కన్ను ఒక ఆర్క్‌నిమిషం కోణం వరకు విడదీసి చూడగలదన్న దృష్టిశాస్త్ర లెక్క ప్రకారం, ఒక్కో మిల్లీమీటరుకు సుమారు 3.44 మీటర్లు కావాలి. పీ3.91 తెరకు మొదటి లెక్క 4 మీటర్లు చెబితే, రెండోది 13 మీటర్లు దాటుతుంది. కదిలే బొమ్మకు మొదటిది సరిపోవచ్చు. ముఖాలు నునుపుగా కనిపించాలంటే మాత్రం రెండోదే నమ్మదగినది. ఫంక్షన్ హాళ్ళలో మొదటి వరుసలోని పెద్దలకు పెళ్ళికూతురి ముఖం చుక్కలుచుక్కలుగా కనిపించడానికి కారణం ఇదే.

తెరలో ఎన్ని పిక్సెళ్ళున్నాయో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. పెద్ద తెరను క్యాబినెట్లనే పెట్టెలు పేర్చి కడతారు. అర మీటరు చదరపు పీ3.91 క్యాబినెట్‌లో 128 అడ్డం, 128 నిలువు పిక్సెళ్ళుంటాయి. అడ్డంగా 7, నిలువుగా 5 క్యాబినెట్లు పేర్చితే 3.5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు వస్తుంది. పన్నెండడుగులకు ఎనిమిదడుగులని చెప్పే తెర దాదాపు ఇంతే. అందులో ఉన్నవి 896 అడ్డం, 640 నిలువు పిక్సెళ్ళు. 1920 అడ్డం, 1080 నిలువుగా తీసిన వీడియో పంపితే అడ్డంలో సగానికి పైగా వివరం రాలిపోతుంది. ఆకార నిష్పత్తి చెడకుండా ఉంచితే బొమ్మ 504 వరుసల్లోనే సర్దుకుని, కింద 68, పైన 68 వరుసలు నల్లగా మిగులుతాయి. ఆ నల్ల పట్టీలు అద్దెకు తీసుకున్నవారికి నచ్చవు. దాంతో బొమ్మను నిలువుగా సాగదీస్తారు. ముఖాలు పావువంతుకు పైగా పొడుగవుతాయి. పట్టీలు ఉంచడమే మేలు. అంతకన్నా, వీడియోను ముందే తెర కొలతకు కత్తిరించి తేవడం ఇంకా మేలు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకు ఈ జాగ్రత్త కూడా పెద్దగా పనిచేయదు. కుదించిన ఫొటోలోని గళ్ళు పెద్ద తెర మీద స్పష్టంగా బయటపడతాయి.

తెలుగు అక్షరాలు

తెలుగు అక్షరాలు తెరపై ఎలా కనిపిస్తాయన్న అంశాన్ని సాంకేతిక పత్రాలు పట్టించుకోవు. పీ10 బోర్డును కూర్చే పలక, అంటే మాడ్యూల్, 320 మి.మీ. వెడల్పు, 160 మి.మీ. ఎత్తు ఉంటుంది. అందులో అడ్డంగా 32, నిలువుగా 16 పిక్సెళ్ళు. ఇంగ్లిష్ పెద్దక్షరం 7 వరుసల్లో ఇమిడిపోతుంది. తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు: నడుమ అక్షరం, పైన తలకట్టో గుడో, కింద ఒత్తు. 16 వరుసల్లో మూడూ సర్దాలంటే అక్షరానికి 7 లేదా 8, ఒత్తుకు 4 లేదా 5 వరుసలే దక్కుతాయి. ‘సిరిసిల్ల’లోని లావొత్తు, ‘జగిత్యాల’లోని యావొత్తు ఆ కాస్త చోటులో ముద్దయిపోతాయి.

‘మంథని’ ఇంకా ఇబ్బంది పెడుతుంది. థ, ధల మధ్య తేడా కడుపులోని చుక్క. పీ10 బోర్డు మీద ఆ చుక్కకు దక్కేది ఒక్క పిక్సెల్. ఆ ఒక్కటీ ఆరిపోతే మంథని ‘మంధని’ అవుతుంది. బొమ్మలో ఒక పిక్సెల్ చచ్చిపోతే ఎవరూ గమనించరు, అక్షరంలో ఊరి పేరే మారిపోతుంది. రెండు మాడ్యూళ్ళను ఒకదానిపై ఒకటి పెట్టి 32 వరుసలు చేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తెలుగు బోర్డుకు అదే కనీస ఎత్తుగా పెట్టుకోవాలి.

బోర్డును నడిపే కొన్ని కంట్రోల్ కార్డుల సొంత ఫాంట్లలో ఒత్తులు కూడవు, ‘సిరిసిల్ల’ కాస్తా ‘సిరిసిల్‌ల’గా విడిపోతుంది. అందుకే అక్షరాలను కంప్యూటర్‌లో బొమ్మగా చేసి పంపుతారు. ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల గ్రామం పేరు మీదున్న గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో 2018లో చోటు దక్కింది. దాన్ని ఇలాంటి బోర్డుపై చూపించడానికి కూడా బొమ్మగా పంపడమే సులువైన దారి.

వెలుగు, చీకటి, దుమ్ము

తెర ప్రకాశాన్ని నిట్‌లలో కొలుస్తారు. సినిమా హాలు తెరకు ప్రమాణం 48 నిట్‌లు. లోపలి ఎల్‌ఈడీ తెరలకు సాధారణంగా 600 నుంచి 1,200, ఆరుబయటి వాటికి 5,000 లేదా అంతకు పైన చెబుతారు. ఇంత తేడాకు కారణం ఎండ. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్. నల్లటి తెర ముఖం అందులో 5 శాతమే తిప్పికొట్టినా ‘నలుపు’ 1,600 నిట్‌ల దాకా వెలుగుతుంది. 5,000 నిట్‌ల తెలుపుకు కూడా ఆ తిప్పికొట్టిన వెలుగు కలుస్తుంది కాబట్టి, నలుపుతో దాని నిష్పత్తి అప్పుడు సుమారు 4. అంటే ఎండలో బొమ్మ పాలిపోవడానికి తెలుపు చాలకపోవడం కన్నా నలుపు తెల్లబడడమే ముఖ్య కారణం.

దుమ్ము చేసే హాని ఇక్కడ తెలుస్తుంది. కరీంనగర్ పరిసరాల్లో గ్రానైట్ క్వారీలు, కోత యూనిట్లు ఉన్నాయి. ఆ దుమ్ము బూడిద తెలుపు. అది తెర ముఖంపై పేరుకుని తిప్పికొట్టే వెలుగు 10 శాతానికి చేరితే, పై లెక్కలోని 4 కాస్తా సుమారు రెండున్నరకు పడిపోతుంది. గోదావరిఖని, మంచిర్యాల బొగ్గు గనుల వైపు నల్ల దుమ్ము. అది నలుపును చెరపదు, డయోడ్ల ముందు పొరలా కూర్చుని తెలుపును తగ్గిస్తుంది. రెండిటికీ మందు ఒకటే: మెత్తని పొడి బ్రష్. తడిగుడ్డతో రుద్దితే బురదై పిక్సెళ్ళ సందుల్లోకి దిగుతుంది.

రాత్రి పూట సమస్య తిరగబడుతుంది. వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధిలో మహాశివరాత్రి కృష్ణ చతుర్దశి నాడు, ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో గోండు మెస్రం వంశీయుల నాగోబా మహాపూజ పుష్య అమావాస్య నాడు జరుగుతాయి. రెండూ చంద్రుడు లేని రాత్రులే. అలాంటి చీకట్లో 5,000 నిట్‌ల తెర కళ్ళలో గుచ్చుకుంటుంది, దాన్ని పదో వంతుకో ఇంకా తక్కువకో దించాలి. డయోడ్‌ను అతివేగంగా వెలిగించి ఆర్పుతూ, వెలిగే కాలాన్ని హెచ్చుతగ్గులు చేయడం ద్వారా ప్రకాశాన్ని దించుతారు. 16 బిట్ల తెరకు 65,536 వెలుగు మెట్లుంటాయి. పదో వంతుకు దించినా ఆరువేలకు పైగా మిగులుతాయి. నాసిరకం తెరలో 256 మెట్లే ఉంటే మిగిలేవి 25. గర్భగుడి మసక వెలుతురులో నల్లరాతి శివలింగంపై జారే అభిషేక జలం ఆ 25 మెట్లలో ఇమడదు. నునుపు పోయి మరకలు మరకలుగా కనిపిస్తుంది. తెర కొనేటప్పుడు పట్టపగటి ప్రకాశాన్ని చూసి మెచ్చుకోవడం కంటే, బాగా దించి ఒక చీకటి దృశ్యం వేయించి చూడడం సరైన పరీక్ష.

వేడి, కరెంటు

ఆదిలాబాద్, రామగుండం వైపు మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. క్యాబినెట్ లోపల అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఎరుపు డయోడ్ వేరే పదార్థంతో తయారవుతుంది. వేడెక్కేకొద్దీ అది ఆకుపచ్చ, నీలం డయోడ్ల కంటే చాలా వేగంగా మసకబారుతుంది. దాంతో తెలుపు నీలిపచ్చ ఛాయకు తిరుగుతుంది. పసుపు రంగు ఎరుపు, ఆకుపచ్చల కలయిక కాబట్టి దాని మీద దెబ్బ వెంటనే కనిపిస్తుంది: పెళ్ళికూతురికి రాసిన పసుపు తెర మీద లేతాకు రంగుకు మళ్ళుతుంది, కుంకుమ నల్లబడుతుంది. కొండగట్టు హనుమాన్ జయంతి ఉత్సవాలు చైత్ర, వైశాఖాల్లో వస్తాయి కాబట్టి అక్కడ పగలు నడిపే తెరకూ ఇదే చిక్కు. వెనుక గాలి ఆడేలా నిలబెట్టడం, పడమటి ఎండ వీపు మీద పడకుండా చూడడం కొంత ఉపశమనం.

కరెంటు లోపం రంగును వేడికి సరిగ్గా వ్యతిరేక దిశలో మారుస్తుంది. క్యాబినెట్లలోని పవర్ సప్లైలు 220 వోల్టులను 5 వోల్టులకు దించుతాయి. మెయిన్స్ వోల్టేజి కొంత తగ్గినా అవి తట్టుకుంటాయి. 5 వోల్టుల తీగలు సన్నగా ఉన్నా, జాయింట్లు వదులైనా చివరి మాడ్యూల్‌కు వోల్టేజి చాలదు. ఎరుపు డయోడ్ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు. నీలం, ఆకుపచ్చలకు 3 దాకా కావాలి కాబట్టి అవే ముందు నీరసపడతాయి. అప్పుడు ఆ మూల ఎర్రగా కనిపిస్తుంది. అందువల్ల తెర అంతా నీలిపచ్చగా మారితే వేడిని, ఒక మూల మాత్రమే ఎర్రబడితే తీగను అనుమానించాలి.

సంకేతం ఒక క్యాబినెట్ నుంచి మరోదానికి గొలుసుకట్టుగా సాగుతుంది. ఒక కేబుల్ ఊడితే దాని తరువాతివన్నీ ఆరిపోతాయి. ఆ సంకేతాన్ని పంపే ఒక గిగాబిట్ పోర్టు మోయగలిగేది సుమారు 6.5 లక్షల పిక్సెళ్ళు. పైన చెప్పిన 896 అడ్డం, 640 నిలువు తెర 5,73,440తో ఒక్క పోర్టులోనే ఇమిడిపోతుంది.

కెమెరా కంట్లో

కంటికి నిలకడగా ఉన్న తెర సెల్‌ఫోన్ వీడియోలో నల్ల చారలతో కనిపించడానికి కారణం రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను తిరిగి వెలిగిస్తుందన్న లెక్క, తక్కువ కావడం. 1,920 హెర్ట్జ్ తెరలపై చారలు తరచూ పడతాయి, 3,840 హెర్ట్జ్ తెరలపై బాగా తగ్గుతాయి. పెళ్ళి వీడియోలో తెర కూడా పడాలనుకునేవారు అద్దెకు ముందే ఈ అంకె అడగడం మంచిది. కెమెరా సెన్సార్ గళ్ళు, తెర గళ్ళు ఒకదానిపై ఒకటి పడినప్పుడు వచ్చే అలల చారలు వేరు. వాటికి కెమెరా కొంచెం జరపడమో, తెరను ఫోకస్‌లో లేకుండా ఉంచడమో ఉపాయం.

మాడ్యూళ్ళ పొత్తు

ఒకే ఫ్యాక్టరీ డయోడ్లైనా విడతకూ విడతకూ రంగులో సన్నని తేడా ఉంటుంది. పాడైన మాడ్యూల్ తీసి కొత్తది బిగిస్తే, పాత చొక్కాకు వేసిన కొత్త మాసికలా బయటపడుతుంది. కొలిచి సరిచేసే క్యాలిబ్రేషన్ పరికరం అద్దె తెరలవారి దగ్గర అరుదు. అది లేనప్పుడు చేసే పని ఒకటుంది: నడుమ చోటుకు తెరలోని పాత మాడ్యూల్ ఒకదాన్ని కింది మూల నుంచి తెచ్చి బిగించి, కొత్తదాన్ని ఆ మూలకు పెడతారు.