వ్యసన చికిత్స సేవలు: భారతదేశంలో ప్రజారోగ్య విధానం

మద్యానికి, మాదకద్రవ్యాలకు బానిసలైనవారికి వైద్యం, మానసిక సలహా, పునరావాసం అందించే ఏర్పాట్లను వ్యసన చికిత్స సేవలు అంటారు. వ్యసనాన్ని నడవడిలోని లోపంగానో నేరంగానో కాక, మానినా మళ్లీ తిరగబెట్టే స్వభావమున్న దీర్ఘకాలిక రుగ్మతగా గుర్తించి, దాని వైద్యాన్ని రక్తపోటు, మధుమేహాల వైద్యంలాగే మామూలు ఆసుపత్రులకు చేర్చడం ఈ రంగంలో ప్రజారోగ్య విధానపు ముఖ్యోద్దేశం.

చికిత్స కావలసినవారికి, అది అందినవారికి మధ్య ఉండే తేడాను చికిత్సా అంతరం అంటారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతుండగా, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రూపంలో చికిత్స గాని సహాయం గాని అందింది.

ఈ అంతరానికి పాలనా విభజన కూడా ఒక కారణం. వైద్యం ఆరోగ్య శాఖ చేతిలో, పునరావాస కేంద్రాలకు నిధులు సామాజిక న్యాయ శాఖ చేతిలో ఉండగా, మద్యం మీద వచ్చే రాబడిని రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలు చూసుకుంటాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, చిన్న పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. అయితే చేర్చుకునే ఆసుపత్రి దగ్గరలో లేనప్పుడు ఆ మినహాయింపు కాగితానికే పరిమితమవుతుంది.

సరఫరాను అరికట్టి చికిత్సను మరిస్తే ఏమవుతుందో తెలంగాణలోని కల్తీ కల్లు చూపింది. చెట్టు కల్లు చాలని చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం అక్కడ చాలాకాలంగా ఉన్నదే. రోజూ తాగేవారు, తమకు తెలియకుండానే, కల్లుకు కాక ఆ మందులకు అలవాటుపడతారు. 2015లో ఎక్సైజ్ దాడులతో నిజామాబాద్ తదితర జిల్లాల్లో కల్తీ ఒక్కసారిగా తగ్గడంతో, నిద్రలేమి, వణుకు, మూర్ఛలు, మతిభ్రమణతో జనం ఆసుపత్రులకు పోటెత్తారు. అలవాటైన మత్తు హఠాత్తుగా ఆగితే శరీరం చూపే ఈ ప్రతిచర్యలనే ఉపసంహరణ లక్షణాలు అంటారు. అవి ప్రాణాంతకం కావచ్చు. డైజిపామ్ వంటి మందును కొలతగా ఇచ్చి, మోతాదును రోజుల తరబడి మెల్లగా తగ్గించడం దీనికి వైద్యం. ఇది ఖరీదైన చికిత్స కాదు, అయితే దాడికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు అంది, అక్కడ మందు నిల్వ, దానిని వాడడం తెలిసిన వైద్యుడు ఉండాలి.